చెప్పులు విప్పితే తెలిసిన కరెంటు

నాది రిటైరయ్యే వయసేమీ కాదు. నా కూతురికి ఇంకా మూడేళ్లు నిండలేదు. అయినా ఆన్‌సైట్ సపోర్టు ఇంజినీరు అనే ఉద్యోగం వరకూ నేను రిటైరయినట్టే. ఆ నల్ల సంచి మళ్లీ భుజాన వేసుకోను. మా పిన్ని కూతురు డిప్లొమా ముగించి అదే ఉద్యోగంలో చేరబోతూ, "అక్కా, ఏమేం నేర్చుకుని పోవాల?" అని అడిగింది. విండోస్ ఎక్కించడం, ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగడం ఎవరైనా నేర్పుతారు. ఎవరూ చెప్పనివి దానికోసమూ, దానిలాంటి ఆడపిల్లల కోసమూ రాస్తున్నాను. రాతలో కోపం కనబడితే కనబడనీ. ఆ ఉద్యోగం గురించి చల్లగా మాట్లాడటం నాకింకా చేతకాలేదు.

కాల్ మూసే ఉద్యోగం

ఎక్కడో ఒక ఆఫీసులో కంప్యూటరు మొరాయిస్తుంది. వాళ్లు కంప్యూటరు అమ్మిన కంపెనీకి ఫిర్యాదు చేస్తారు. దాన్ని కాల్ అంటారు. ఆ కాల్ తిరుపతిలో కూర్చున్న మా ఏజెన్సీ కోఆర్డినేటర్ ప్రతాప్ దగ్గరికి, అక్కడినుంచి నా ఫోనుకు వస్తుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ నా లైను. మ్యాపులో చూస్తే అదొక గీత. ఆ గీత మీద బస్సులో పోయి చూడాలి. టమోటా లారీలు అడ్డం తిరిగితే మదనపల్లె దాటేసరికే పొద్దెక్కుతుంది. పుంగనూరులో దిగేవాళ్లు దిగి, పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి డబ్బాలో అన్నం పాచిపోతుంది. ప్రతాప్ ఆ బస్సు ఎప్పుడూ ఎక్కలేదు. "పక్కనే కదమ్మా, చూసేసి వచ్చేయ్" అంటాడు.

ప్రతి కాల్‌కూ ఒక గడువు ఉంటుంది. గడువు దాటితే ఏజెన్సీకి జరిమానా. కాల్ మూయాలంటే కస్టమరు ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. ఆ నంబరు చెప్పారంటే పని సరిగ్గా జరిగిందని వాళ్లు ఒప్పుకున్నట్టు. ఏర్పాటు మంచిదే. చెడగొట్టింది మావాళ్లు. కొత్తలో నాకు లైను చూపించిన సీనియరు గుమ్మంలో కాలు పెడుతూనే, "ఓటీపీ వచ్చింటాది సూడండి సార్, చెప్పేయండి" అనేవాడు. చెడిపోయిందేమిటో అడగడం ఆ తర్వాత. జనం కూడా గ్యాసు బండవాడికి చెప్పినట్టే చెప్పేసేవారు. చెప్పిన మరుక్షణం వాళ్ల ఫిర్యాదు ఈ లోకంలో లేనట్టు లెక్క. ఇక సీనియరుకు కాఫీ ఇచ్చినా ఒకటే, తిట్టినా ఒకటే.

ఇందులో ఆడమనిషివైతే ఇంకో ముచ్చట ఉంది. నేను సంచి దించి స్క్రూడ్రైవరు తీసేదాకా "మేడమ్, సారు వెనకాల వస్తాండాడా?" అని అడగని ఆఫీసు నా లైను మొత్తంలో లేదు. ఒక చోట ప్యూను నాకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "కూసోమ్మా, ఇంజినీరు వచ్చేదాకా" అన్నాడు. నేనే ఇంజినీరునంటే నవ్వి, "అట్లయితే నీళ్లు తాగి పని సూడు" అన్నాడు. ఆయన మీద కోపం రాలేదు. కుర్చీ అయినా వేశాడు.

చలపతన్న

మంచి బాసు ఒక్కడే దొరికాడు. అదీ ఏజెన్సీలో కాదు, దానికి ముందు మదనపల్లెలో నేను పనిచేసిన చిన్న రిపేరు కొట్టులో. పేరు చలపతి. అందరికీ చలపతన్న. నోరు గరుకు. పొరపాటు చేస్తే, "ఏమ్మా, డిగ్రీ సర్టిఫికేటు పెట్టి తుడవమంటావా దీన్ని?" అనేవాడు. కానీ నేను కొట్టులో అడుగుపెట్టిన రోజే ఒక మాట చెప్పాడు.

"కరెంటు మిషన్ని అరచేత్తో ముట్టుకోవద్దమ్మా. షాక్ కొడితే చెయ్యి మూసుకుంటాది. మూసుకుంటే దాన్నే పట్టుకుంటాది, ఇడవదు. చెయ్యి తిప్పి ఏళ్ల ఎనకపక్క ఆనించు. కొట్టినా నీ చెయ్యి నీ దిక్కే వస్తాది."

ఏజెన్సీలో చేరాక నాకు రెండు వారాల శిక్షణ ఇచ్చారు. కస్టమరుతో ఎలా నవ్వాలో చెప్పారు. కాల్ ఎలా మూయాలో చెప్పారు. చెయ్యి ఎలా తిప్పాలో ఎవరూ చెప్పలేదు.

పుంగనూరు ఆసుపత్రిలో నాగవేణి

ఇప్పుడు అసలు సంగతి. పుంగనూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి. పేరు అక్కర్లేదు. అక్కడ రిజిస్ట్రేషన్ కౌంటరులో కంప్యూటరు మీద కూర్చునే అమ్మాయి నాగవేణి. సదుం దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. నేను మొదటిసారి చూసినప్పుడు ఆమెకు ఏడో నెల.

కాల్‌లో ఉన్నది ఇంతే: కంప్యూటరు తరచుగా ఆగిపోతోంది. దాని మీదే అంతకుముందు ముగ్గురు ఇంజినీర్లు వచ్చి వెళ్లారు. ఒకరు లోపలి పవర్ సప్లై మార్చారు. ఇద్దరు ఏ లోపమూ కనబడలేదని రాసి మూసేశారు.

కౌంటరు వెనక గది గుమ్మం దగ్గర నాగవేణి నన్ను ఆపింది.

"చెప్పులు ఈడ ఇడవండి మేడమ్. కంప్యూటర్ రూము. డాక్టరు సారు ఒప్పుకోడు."

మన ఆఫీసుల్లో చాలాచోట్ల ఇది ఉన్నదే. కంప్యూటరున్న గదిని పూజగదిలా చూసుకుంటారు. నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను. అప్పుడే తడిగుడ్డతో తుడిచిన చలువరాయి చల్లగా తగిలింది.

"ఏమవుతోంది?" అన్నాను.

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆగిపోయేది సరే మేడమ్. సీపీయూ ముట్టుకుంటే జిల్లుమంటాది. మోచేతి దాకా పాకుతాది. చెప్తే ఎవరూ నమ్మరు."

"ముందు వచ్చినవాళ్లకు చెప్పలేదా?"

"ముగ్గురికీ చెప్పినా. వాళ్లు ముట్టుకుని సూసి, ఏం లేదు కదా అన్నారు. ఒకాయనైతే, నీకు సూలు మేడమ్, కడుపుతో ఉంటే ఇట్లాంటివి అనిపిస్తాయంట అన్నాడు. మా మేనేజరు అదే పట్టుకున్నాడు. పని ఎగ్గొట్టేదానికి సాకు చెప్తాండానంట. ఇంకోసారి కాల్ వేస్తే నా జాగాలో ఇంకోరిని పెడతానన్నాడు. కంతులు కట్టలేక మా ఆయన ఆటో ఫైనాన్సుకు పోయింది మేడమ్. ఈ పని పోతే కష్టం."

నేను చెయ్యి తిప్పి, వేళ్ల వెనక భాగం సీపీయూ డబ్బాకు ఆనించాను. చీమలు బారులు తీరి మణికట్టు లోపల నడిచినట్టయింది. చెయ్యి దానంతటదే నా వైపు వచ్చేసింది.

"ముందొచ్చిన వాళ్లు చెప్పులు విప్పారా?" అని అడిగాను.

"లేదు మేడమ్. బూట్లేసుకోనుండారు. ఇంజినీర్లు కదా, ఇప్పమని యాడ చెప్పేది?"

అంత చిన్న విషయం. ముగ్గురు మగవాళ్లు రబ్బరు అడుగుల బూట్లతో నిలబడి, కరెంటు లేదని తీర్పు చెప్పి వెళ్లారు. కరెంటు వాళ్ల గుండా నేలకు దిగే దారి లేదు గనక వాళ్లకు తెలియలేదు. వట్టికాళ్లతో తడి నేల మీద పొద్దంతా కూర్చునే గర్భిణి గుండా చక్కగా దారి దొరికింది. దాన్ని వాళ్లు సూలు అన్నారు.

చదువుకోని వాళ్లకు కూడా అర్థమయ్యేలా చెబుతాను. మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా ఉండే మూడో పిన్ను ఎర్త్‌ది. మిషను ఇనుప డబ్బాలోకి కారే కరెంటును ఆ పిన్ను, దాని వెనక వైరు, భూమిలోకి తీసుకుపోవాలి. అందుకే ఆవరణలో ఒక గుంత తీసి, గొట్టం పాతి, ఉప్పూ బొగ్గూ వేసి, ఎండాకాలంలో నీళ్లు పోస్తుంటారు. ఆ దారి తెగిపోతే కరెంటు డబ్బాలోనే ఎదురుచూస్తుంది, ఎవరు ముట్టుకుంటారా అని. మీటరు పెట్టి చూశాను. ఆసుపత్రిలో ఏ సాకెట్టులోనూ ఎర్త్ లేదు.

నైరుతిలో గుంత

మేనేజరు పేరు గంగాధర్. డాక్టరు గారికి బావమరిది. నేను చెప్పిందంతా ఫోను చూసుకుంటూ విన్నాడు.

"ఎర్తింగ్ యాల లేదు? కట్టేటప్పుడే పెట్టించినాం."

"గుంత ఎక్కడ ఉందో చూపిస్తారా సార్?"

ఆయన కిటికీలోంచి చెయ్యి చూపించాడు. మీటరు గోడ పక్కన బైకులు నిలబెట్టి ఉన్నాయి. కింద అంతా కొత్త టైల్సు.

"ఆడ్నే ఉండె. పోయినేడు తీసేసినాం."

"తీసేశారా?"

"అది నైరుతి కదమ్మా. నైరుతిలో గుంత ఉండకూడదన్నాడు వాస్తు ఆయన. గుంత ఉన్నన్నాళ్లూ సార్‌కు ప్రాక్టీసు లేవలేదు. పూడ్చి టైల్స్ ఏసినాక సూడు, నిలబడేదానికి జాగా లేదు."

ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ రెడ్డెప్పను పిలిపించాను. నడివయసు మనిషి. నొచ్చుకుంటూనే చెప్పాడు.

"పూడ్చమంటే పూడ్సినానమ్మా. ఎర్త్ వైరు ఊరికే ఇడిసిపెట్టలా. తీసుకొచ్చి నీళ్ల పైపుకు సుట్టినా."

"ఆ పైపు ఇనుపదా?"

"అప్పుడు ఇనుపదే. తర్వాత తుప్పు పట్టిందని ప్లాస్టిక్ పైపులు ఏసినారు. వైరు దానికే మళ్లా సుట్టేసింటారు."

"లీకేజీ ఉంటే దానంతటది దిగిపోయే బ్రేకరు ఉండాలి కదన్నా?"

"ఉండె. ఊరికూరికే దిగిపోతాంటే మేనేజరు సారు కసురుకున్నాడు. తీసేసి మామూలుది ఏసినా."

ఆ బ్రేకరు ఊరికే దిగలేదు. ఎక్కడో కారుతోంది గనక దిగింది. అరిచే కుక్కను తన్ని తరిమేసి, దొంగలు లేరని నిద్రపోయారు.

నేను గంగాధర్‌కు రెండు మాటల్లో చెప్పాను. ఇప్పుడు జిల్లుమంటున్నది చిన్నది. ఈ ఆసుపత్రిలో ఏ ఒక్క మిషన్లో పెద్ద లోపం వచ్చినా, అది ఇదే వైరు పట్టుకుని అన్ని మిషన్ల డబ్బాల్లోకీ వస్తుంది. కొత్త ఎర్త్ గుంత వేయించండి. అంతవరకు ఆ అమ్మాయిని ఆ కుర్చీలో కూర్చోబెట్టవద్దు.

"నువ్వు కంప్యూటర్ ఇంజినీరా, కరెంటు ఇంజినీరా?" అన్నాడు. "ఆ పిల్ల నీకేం నూరిపోసిందో! ఫోను ఛార్జింగు పెట్టేది, మిషన్లు కాల్చేది, మళ్లా షాక్ అనేది. నీ పని కంప్యూటరు. అది సూసుకుని పో."

వెళ్లేముందు నాగవేణి కాళ్ల కింద ఒక పాత రబ్బరు చాప వేయించి, సీపీయూ జోలికి పోవద్దని చెప్పాను. "ఓటీపీ వచ్చింది మేడమ్, చెప్పమంటారా?" అంది. ఆసుపత్రి తరఫున నమోదైన నంబరు ఆమెదే. కంపెనీ ఫోన్లు తనకు చికాకని గంగాధర్ ఆమె నంబరు ఇచ్చాడు.

"చెప్పొద్దు. నాకే కాదు, ఎవరడిగినా చెప్పొద్దు. ఎర్త్ వేసి, నువ్వు ముట్టుకుని చూసి, ఏం లేదనుకున్నాక చెప్పు. ఆ నంబరు నీ చేతిలో ఉన్నంతసేపే మేం నీ మాట వింటాం."

స్కోపు

ప్రతాప్‌కు ఫోన్ చేశాను.

"ఎర్తింగ్ మన స్కోపులో లేదమ్మా, మనం చూసేది కంప్యూటరు వరకే" అన్నాడు.

"స్కోపులో లేకపోయినా, మనం పంపిన ముగ్గురు లోపం లేదని రాశారు. ఆ మాట పట్టుకుని వాళ్లు ఆ అమ్మాయిని అబద్ధాలకోరంటున్నారు. కనీసం సైటు సురక్షితం కాదని రాసి పంపిద్దాం."

"అట్ల రాస్తే కస్టమరు మనమీద పడతాడు. ఇంకో పవర్ సప్లై మార్చి మూసేయ్."

"మార్చినా అదే జరుగుతుంది."

"జరిగితే కొత్త కాల్ వేస్తారు. కొత్త కాల్‌కు కొత్త గడువు. నీకెందుకు బాధ?"

ఈ మాట గుర్తుపెట్టుకో చెల్లీ. కొత్త కాల్‌కు కొత్త గడువు. మా ఏజెన్సీ బతుకంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఒకే రోగి నాలుగుసార్లు వస్తే నలుగురికి నయం చేశామని చెప్పుకునే వైద్యుడిని ఎవరైనా క్షమిస్తారా? మేం నెలనెలా అదే చెప్పుకుని చప్పట్లు కొట్టించుకున్నాం.

నేను మూయనన్నాను. మర్నాడు పొద్దున నా ఫోనులో ఆ కాల్ లేదు. మూసేసి ఉంది. ప్రతాప్ నాగవేణికి నేరుగా ఫోన్ చేశాడట. ఓటీపీ చెప్పకపోతే ఆసుపత్రికి సర్వీసే ఆగిపోతుంది, మీ మేనేజరుకు నీ పేరే చెబుతాను అన్నాడట. ఉద్యోగం పోతుందని భయపడే మనిషి ఏం చేస్తుంది? చెప్పేసింది. నాకు మాత్రం కుప్పంలో ఒక కొత్త కాల్ వేశాడు.

కుప్పంలో ఉన్నప్పుడు

కుప్పంలో పని ఒక ఆఫీసులో. ప్రింటరు పలకడం లేదన్నారు. వెళ్లి చూస్తే దాని వైరు ఊడి ఉంది. ఎలుకల కోసం బల్ల జరిపారట. దానికోసం పసిపిల్లను అత్తగారి ఒళ్లో పడేసి, ఒక పూటంతా బస్సుల్లో పడి వచ్చాను. అక్కడి గుమాస్తా మంచివాడు. తమిళం, కన్నడం కలిసిన తెలుగులో, "అంత దూరం నుంచి వచ్చుండావే, బోంచేసి పోమ్మా" అని పక్క హోటలు చూపించాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో ఫోన్ మోగింది. నాగవేణి నంబరు. మాట్లాడింది ఆమె కాదు, ఆసుపత్రి ఆయా.

"ఇంజినీరమ్మా, నాగవేణి పడిపోయిందమ్మా. నీకు చెప్పమంటాంది."

కరెంటు పోయి వచ్చిందట. కంప్యూటరు ఆగిపోయింది. పేషెంట్లు క్యూలో నిలబడి ఉన్నారు. గంగాధర్ కేకలేశాడు. తుడిచేటప్పుడు రబ్బరు చాప ఎవరో పక్కకు తీసేశారు. నాగవేణి వంగి సీపీయూ బటన్ నొక్కింది. విసిరేసినట్టు కుర్చీతో సహా వెనక్కి పడింది.

కుప్పం నుంచి పుంగనూరు దాకా ఆ బస్సులో నేను ఎలా కూర్చున్నానో నాకు తెలియదు. ఆమె కడుపులో బిడ్డ గురించి ఒక పక్క. నా ఇంట్లో పిల్ల గురించి ఇంకో పక్క. అత్తగారికి ఫోన్ చేసి, "ఫ్రిజ్ దగ్గరికి పాపను పోనీకండి, వాషింగ్ మిషన్ ప్లగ్గు పీకేయండి" అన్నాను. ఏమైందే నీకని ఆమె కంగారుపడింది. ప్రతాప్‌కు ఫోన్ చేస్తే, "ఆ కాల్ మూసేసింది కదా? మళ్లీ ఎందుకు పోతున్నావు?" అన్నాడు.

డాక్టరు గారి బూట్లు

నాగవేణి అదే ఆసుపత్రిలో మంచం మీద ఉంది. చూపుడు వేలి కొన తెల్లగా బొబ్బెక్కింది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని స్కానింగులో తేలింది. ఆ మాట విన్నాకే నేను సంచి కింద పెట్టాను. గంగాధర్ బయట అందరికీ చెబుతున్నాడు: "పొద్దున ఏమీ తినకుండా వచ్చిందంట. కళ్లు తిరిగి పడింది."

నేను రెడ్డెప్పను వెంటబెట్టుకుని ఒక్కో మిషనూ ఆపిస్తూ వెళ్లాను. ఆపరేషను పరికరాలు ఉడకబెట్టే స్టెరిలైజర్ దగ్గర దొరికింది. దాని కాయిలు పగిలి, కరెంటంతా ఎర్త్ వైరులోకి దిగింది. భూమిలోకి పోవడానికి దారి లేక, ఆ వైరు పట్టుకుని ప్రతి సీపీయూలోకీ, దాన్ని ఆనుకుని కౌంటరు అంచుకు కొట్టిన స్టీలు రేకులోకీ వచ్చింది. రేకు మీద టెస్టరు పెట్టాను. ఎర్రగా వెలిగింది. ఆ రేకు పట్టుకునే పేషెంట్లు క్యూలో నిలబడతారు, చంకలో పిల్లలతో.

రెడ్డెప్ప ముఖం పాలిపోయింది. స్టెరిలైజర్ ప్లగ్గు పీకేసి, "దేవుడు కాపాడినాడమ్మా" అన్నాడు.

"దేవుడు కాదన్నా. ఈ క్యూలో అందరూ చెప్పులు వేసుకుని ఉన్నారు."

డాక్టరు గారు అప్పటికి రౌండ్లు ముగించుకుని వచ్చారు. మర్యాదస్తుడే. "స్టెరిలైజర్ తీసేశారు కదా, ఇంక భయం లేదు కదమ్మా?" అన్నారు.

"లేదంటే మీరు ముట్టుకోండి సార్."

ఆయన కౌంటరు వెనక్కి వచ్చి, సీపీయూ మీద చెయ్యి వేశారు. "ఏమీ లేదే."

"బూట్లు విప్పండి సార్."

క్యూ మొత్తం ఇటే చూసింది. గంగాధర్, "ఏమ్మా, ఎవరితో మాట్లాడతాండావో తెలుస్తాందా?" అని ముందుకొచ్చాడు.

"తెలుసు. కంప్యూటర్ రూములో చెప్పులు విప్పాలని రూలు పెట్టిన సార్‌తో మాట్లాడుతున్నాను. ఆ రూలు నాగవేణికి ఉంది, నాకు ఉంది. ఇవాళ ఒక్కసారి సార్‌కు కూడా ఉండనీండి."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. డాక్టరు గారు నా ముఖం చూశారు, కుర్చీలో కూర్చుని బూట్లు, మేజోళ్లు విప్పారు. తడి రాతి మీద నిలబడ్డారు. అరచెయ్యి చాచబోతుంటే ఆపి, చెయ్యి తిప్పించాను. వేళ్ల వెనకపక్క డబ్బాకు తగిలిందో లేదో, "అబ్బా!" అని రెండడుగులు వెనక్కి గెంతారు.

క్యూలో ముందున్న ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "డాక్టరప్పకే సూది ఏసినట్టుండాదే!" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"సార్, స్టెరిలైజర్ తీసేశాక మిగిలింది ఇది. దీనితోనే ఆ అమ్మాయి నెలల తరబడి పనిచేసింది. ఇది ఆమె చెప్పింది. నలుగురికి చెప్పింది."

ఆయన వేళ్లు రుద్దుకున్నారు. తర్వాత గంగాధర్‌తో, "రేపే గుంత తవ్వించు" అన్నారు. నా కోపం కాస్త దిగబోయింది. ఇంతలో గంగాధర్, "నైరుతి కదా బావా..." అని నసిగాడు. డాక్టరు గారు ఫోను తీశారు. వాస్తు ఆయనకు చేశారు. ఒక మనిషి కొన ఊపిరి దాకా పోయి వచ్చినా, బిడ్డ గుండె వినడానికి అందరూ ఊపిరి బిగబట్టినా, భూమిలో ఒక గొట్టం పాతడానికి మాత్రం ఆ వాస్తు ఆయన అనుమతి కావలసి వచ్చింది. రెడ్డెప్ప మెల్లిగా అందుకున్నాడు: "ఈశాన్యంలో గుంత మంచిదే కదా సార్? వైరు అంత దూరం నేను లాగుతా." ఫోనులో అవతలి మనిషి సరేనన్నాడు. అట్లా ఆ ఆసుపత్రికి ఎర్త్ వచ్చింది. బ్రేకరు కూడా మళ్లీ పెట్టారు. అది మర్నాడు రెండుసార్లు దిగిందట. ఈసారి ఎందుకు దిగిందో వెతికారు.

నేను సంచి దించిన రోజు

మూసేసిన కాల్ మీద సైటుకు వెళ్లానని, కస్టమరు చేత బూట్లు విప్పించానని, కుప్పం కాల్ మూయకుండా వచ్చేశానని నా మీద మూడు తప్పులు రాశారు. మూడూ నిజమే. తిరుపతికి పిలిచారు. ప్రతాప్ పక్కన కూర్చున్న పెద్ద మేనేజరు, "నీకు పని తెలుసమ్మా, కానీ పద్ధతి తెలియదు" అన్నాడు.

"లోపం లేదని రాసిన ముగ్గురికీ పద్ధతి తెలుసా సార్?"

"వాళ్ల కాల్స్ గడువులో మూసినవే."

ఇంక మాట్లాడటానికి ఏముంది? సంచి బల్ల మీద పెట్టాను. స్క్రూడ్రైవర్ల సెట్టు నా సొంతం, అది తీసుకున్నాను. ఇంట్లో పిల్ల చిన్నదని, అందుకే మానేసిందని తర్వాత ఏజెన్సీలో చెప్పుకున్నారట. పిల్ల ఉన్న ఆడది ఉద్యోగం మానేస్తే ఇంక వేరే కారణం ఎవరూ వెతకరు. నేను కోపంతో మానేశాను. అది అలాగే రాసుకోనీండి.

చెల్లీ, నువ్వు ఈ పనిలోకి పోవద్దని చెప్పను. పో. పనిలో మంచి ఉంది. ఆగిపోయిన మిషను నీ చేతి కింద మళ్లీ గుర్రుమన్నప్పుడు కలిగే ఆనందం నాకు వంటింట్లో ఇంకా దొరకలేదు. కాకపోతే మిషను ముందు కూర్చునే మనిషి చెప్పింది విను. ఆమె కూర్చున్న చోటే కూర్చుని, ఆమె నిలబడినట్టే నిలబడి చూడు. నీకు కనబడలేదు అన్నంత మాత్రాన ఆమెకు లేనట్టు కాదు. ఇది రాయడానికి ఎంత చిన్న మాట! ముగ్గురు ఇంజినీర్లు, ఒక కోఆర్డినేటర్, ఒక మేనేజరు కలిసి దీన్ని నేర్చుకోలేదు.

నాగవేణికి ఆడపిల్ల పుట్టింది. పిల్ల చురుగ్గా ఉంది. కాన్పు సెలవులో ఉన్నప్పుడు ఆమె జాగాలో గంగాధర్ ఇంకో అమ్మాయిని పెట్టేశాడు. నాగవేణి బిడ్డను ఎత్తుకుని వచ్చి డాక్టరు గారి గది ముందు బెంచీ మీద కూర్చుంది. ఆయన బయటికి వచ్చి ఆమెను చూశారు, కిందికి తన బూట్ల వైపు చూసుకున్నారు, లోపలికి వెళ్లి గంగాధర్‌ను పిలిచారు. పని తిరిగి వచ్చింది.

మొన్న పాప జ్వరానికి పుంగనూరు వెళ్లి, కౌంటరు దగ్గర నిలబడ్డాను. నా తర్వాత ఏజెన్సీ పెట్టుకున్న ఇంజినీరు అప్పుడే వచ్చాడు. నల్ల సంచి, మెరిసే బూట్లు. నన్ను ఎరుగడు. గుమ్మంలోంచే, "మేడమ్, ఓటీపీ వచ్చింటాది, చెప్పేయండి" అన్నాడు.

నాగవేణి కీబోర్డు మీదనుంచి చెయ్యి కూడా తీయలేదు.

"వచ్చిందప్పా. ఉండాది నా దగ్గర్నే. ముందు బూట్లు ఇప్పి లోపలికి రా."